పరదేశ యుద్ధము – ప్రభుత్వ ధర్మము

దూరపు కొండలు నునుపు అన్న సామెత యుద్ధముల పట్ల కూడ నిజమే. ఎక్కడనో ఎడారిలో బాంబులు పడినవన్న వార్త చదువరికి ఒక పటము, రెండు అంకెలు మాత్రమే. కాని పాత కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి, కోడూరు ప్రాంతములకు ఆ సామెత చెల్లదు. వాన తప్పి, బావులెండి, వేరుసెనగ పెట్టుబడి కూడ తిరిగిరాని సీమ ఇది. 1973 తరువాత చమురు ధరలు పెరిగి అరబ్బు దేశములు సంపన్నములు కాగా, ఇచటినుండి అచ్చటికి వలస సాగినది. మగవారు మేస్త్రీలుగను, డ్రైవర్లుగను వెళ్లిరి. ఆడువారు ఇండ్లలో పనికి కుదిరిరి. అక్కడ తుపాకి పేలినచో ఇక్కడ పొయ్యి ఆరును.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించునాటికి ఆ దేశమున సుమారు లక్షా డెబ్బదివేలమంది భారతీయులుండిరి. జీతములు నిలిచినవి. పనివారి పాస్‌పోర్టు యజమాని వద్ద నుండుట అక్కడి వాడుక. యజమానియే పారిపోయినపుడు ఆ పనివారి గతి యేమి? వేలాది జనులు బస్సులలో, లారీలలో బస్రా మీదుగా బాగ్దాదుకును, అచటినుండి ఎడారి దాటి జోర్డాను రాజధాని అమ్మానుకును చేరిరి. ఆగస్టు 13 మొదలు అక్టోబరు 11 వరకు 59 దినములలో ఎయిరిండియా 488 విమానయాత్రలలో 1,11,711 మందిని స్వదేశమునకు చేర్చెను. గిన్నిస్ గ్రంథమున కెక్కిన కార్యమిది. నాటి విదేశాంగమంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ బాగ్దాదు వెళ్లి సద్దాం హుస్సేనును కౌగిలించుకొనుట అనుచితమని పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో పస లేదు. ఎడారిలో గ్రుక్కెడు నీళ్లకై వరుసలో నిలిచిన కూలివాని ప్రాణము ముందు దౌత్యమర్యాద ఏపాటిది?

ఇంతవరకు ప్రశంసింపదగినదే. తరువాతి కథ అట్టిది కాదు. 1991 జనవరిలో అమెరికా కూటమి ఇరాకుపై యుద్ధమారంభించెను. ఆ నెలలోనే చంద్రశేఖర్ ప్రభుత్వము అమెరికా సైనిక విమానములు భారత విమానాశ్రయములలో ఇంధనము నింపుకొనుటకు అనుమతించెను. దేశమున నిరసన చెలరేగగా ఫిబ్రవరిలో అది ఆగిపోయినది. అవి రవాణా విమానములే గాని బాంబులు వేయునవి కావన్న సమాధానము కొంతవరకు నిజము. కాని రవాణా లేక యుద్ధము నడవదు. ఫిబ్రవరి 13వ తేదీన బాగ్దాదులోని అమీరియా రక్షణగృహముపై అమెరికా బాంబులు పడి నాలుగువందలమందికి పైగా పౌరులు మరణించిరి. ఆరు నెలల క్రిందట మన కూలీల బస్సులు ఏ నగరము గుండా బ్రతుకు వెదకికొనుచు సాగినవో, ఆ నగరమే అది.

యుద్ధానంతరము ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన నష్టపరిహార కమిషను చరిత్ర ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. ఇరాకు చమురు ఆదాయమునుండి ఆ కమిషను 2022 జనవరి నాటికి ఐదువేల రెండువందల కోట్ల డాలర్లకు మించి చెల్లించెను. దేశము విడిచి పారిపోవలసి వచ్చిన సామాన్యునికి కనీసము 2,500 డాలర్లు నిర్ణయమైనవి. అయితే సామాన్యుడు కమిషను తలుపు తానుగా తట్టరాదు. అతని పత్రమును అతని ప్రభుత్వమే దాఖలు చేయవలెను. భారతీయ కూలీలకు ఆ ప్రభుత్వముండెను. మరి కువైటులో తరతరములుగా నివసించిన పాలస్తీనీయులకు ప్రభుత్వమే లేదు! సమితి సంస్థలు వారి పత్రములను సమర్పింపవలసి వచ్చినది; గడువులోగా అవకాశము దొరకని పాలస్తీనీయులకై పిమ్మట ప్రత్యేకముగా మరొక ఏర్పాటు జరిగినది. యుద్ధమున పౌరునికి గొంతుక ప్రభుత్వమే. ఆ గొంతుక లేనివారి పక్షమున ఇతర ప్రభుత్వములు పలుకవలసి యున్నది.

పలికినచో అచటి మనవారికి ముప్పు వచ్చునని, చమురు ఆగునని వాదించువారున్నారు. ఆ భయము త్రోసివేయదగినది కాదు. కాని కర్నూలు, కడప ప్రజలు ఈ లెక్కల భాషను మునుపే విన్నారు. 1876-78 నాటి ధాత కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించుటకై కరువు పనివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, కొద్దిపాటి పైకము చాలునని తేల్చెను. ఆ కూలి ప్రాణము నిలుపదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ వాదించెను. నాడు లండను మేయరు తెరచిన మాన్షన్ హౌస్ నిధికి ఇంగ్లండునుండియే గాక ఆస్ట్రేలియానుండి కూడ చందాలు వచ్చినవి. బళ్లారి, కర్నూలు, కడప పేరులు ఎన్నడును వినని వారు ఇచ్చిన ధనమది.

స్వతంత్ర భారతమునకు పరుల బాధ పట్టించుకొనుట క్రొత్త గాదు. కొరియా యుద్ధమునకు 1950లో భారతదేశము పంపినది లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వమున 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు అను వైద్యదళమును. సైనికులతో పాటు పౌరులకు కూడ ఆ దళము చికిత్స చేసెను. 2015లో యెమెన్ యుద్ధమునుండి భారత నౌకలు, విమానములు 4,640 మంది భారతీయులతో పాటు 41 దేశములకు చెందిన 960 మందిని దాటించినవి. ఓడ నెక్కించునపుడు పాస్‌పోర్టు రంగు చూడని ప్రభుత్వము, సమితిలో చేయి ఎత్తవలసినపుడు ఎందుకు వెనుకాడవలెను?

గాజా విషయమున జరిగినది చూడుడు. 2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి క్రూరమైనది. దానిని భారత ప్రభుత్వము ఖండించుట న్యాయము. ఆ నెలలోనే గాజా ప్రజలకు మందులు, సహాయ సామగ్రి పంపుటయు న్యాయమే. కాని అక్టోబరు 27న సర్వప్రతినిధిసభలో వచ్చిన తీర్మానముపై ఓటు వేయక ఊరకుండెను. డిసెంబరు 12న కాల్పుల విరమణకు అనుకూలముగా ఓటు వేసెను. 2025 జూన్ 12న మరల ఊరకుండెను. ఆ తీర్మానమును 149 దేశములు బలపరచినవి. మందు పంపిన చేయి ఓటు వేయుటకు లేవకున్న, ఆ మందు పుండు మాన్పుటకా, పుండును కప్పుటకా అన్న అనుమానము కలుగును.

కాబట్టి ఢిల్లీ ప్రభుత్వము చేయవలసినది స్పష్టము. యుద్ధమున చిక్కిన పౌరులకు అన్నము, నీరు, మందు అందవలెనని వచ్చు ప్రతి తీర్మానమునకు, యుద్ధము చేయునది మిత్రదేశమైనను సరే, ఓటు వేయవలెను. కొరియాకు పంపినట్లు, పిలిచిన చోటికి వైద్యదళమును పంపవలెను. రాజంపేట, రాయచోటి ప్రాంతముల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు గల్ఫు వలసదారుల క్షేమము అడుగునపుడు ఆ వలసదారులు నివసించు దేశముల ప్రజల క్షేమమును కూడ అదే అర్జీలో చేర్చి అడుగవలెను. వచ్చు పార్లమెంటు సమావేశమున ఒక్క సభ్యుడు లేచి అడిగినను చాలును. ప్రభుత్వము సమాధానము చెప్పక తప్పదు.