చూక్ లగూనులో తుప్పుపట్టుచున్న యుద్ధము

పసిఫిక్ మహాసముద్రమున కరోలిన్ దీవుల నడుమ, సుమారు 225 కిలోమీటర్ల చుట్టుకొలతగల పగడపు దిబ్బ కోటగోడవలె ఆవరించియున్న చూక్ లగూను అడుగున, 1944వ సంవత్సరములో మునిగిన జపాను నౌకలు పదులకొలదిగా నేటికిని పడియున్నవి. గాలి సిలిండర్లు వీపున ధరించి దేశదేశములనుండి వచ్చు స్కూబా డైవర్లకు అది పుణ్యతీర్థము వంటిది. అక్కడి బెస్తలకు మాత్రము అది నానాటికి పెరుగుచున్న భయము.

ఆ యుద్ధము చూక్ ప్రజలు కోరి తెచ్చుకొన్నది కాదు. 1899లో స్పెయిన్ ఈ దీవులను జర్మనీకి విక్రయించెను. 1914లో జపాను వానిని ఆక్రమించి, ప్రథమ ప్రపంచ సంగ్రామానంతరము నానాజాతి సమితి అనుమతితో పాలించెను. నాడు ట్రక్ అని పిలువబడిన ఈ లగూను, లోతైన నీరును, ప్రవేశమునకు కొలది దారులును కలదియగుటచే, జపాను సంయుక్త నౌకాదళమునకు స్థావరమై యమాటో, ముసాషి వంటి మహానౌకలకు ఆశ్రయమిచ్చెను. 1944 ఫిబ్రవరి 4న అమెరికా విమానములు పైనుండి ఛాయాచిత్రములు తీసికొనిపోగా, ప్రమాదము గ్రహించిన పెద్ద యుద్ధనౌకలు తొలగిపోయినవి; సరకునౌకలు, చమురునౌకలు చిక్కుబడినవి. ఫిబ్రవరి 17, 18 తేదీలలో ‘ఆపరేషన్ హెయిల్‌స్టోన్’ పేర జరిగిన దాడిలో సుమారు 40 నౌకలు మునిగినవి. ఆ తరువాతి దిగ్బంధములో జపాను సైనికులతోపాటు దీవివాసులును ఆకలికి లోనైరి.

ఆ నౌకలలో నొకదానికి మనతోను సంబంధము కలదు. 1942 నవంబరు 11న హిందూ మహాసముద్రములో, రాయల్ ఇండియన్ నేవీకి చెందిన ‘బెంగాల్’ అను చిన్న నౌక, ఓండినా అను డచ్చి చమురునౌకకు రక్షణగా పోవుచుండగా, తనకంటె అనేక రెట్లు పెద్దవైన రెండు జపాను నౌకలు ఎదురైనవి. బెంగాల్ వెనుదిరుగక తలపడెను. ఆ పోరులో హొకోకు మరు పేలి మునిగిపోగా, రెండవదియైన అయికోకు మరు మరలిపోయెను. ఆ అయికోకు మరుయే పదునైదు నెలల పిమ్మట చూక్‌లో, బాంబు తగిలి మందుగుండు పేలగా, వందలాది మనుష్యులతో మునిగెను; దానిపై దాడిచేసిన విమానము సైతము ఆ విస్ఫోటనములో నశించెను. నౌక ముందుభాగము లేనేలేదు. మిగిలినది సమాధి, అక్కడ దిగువారు అస్థికలను తాకరాదనుట మర్యాద మాత్రమే గాదు, ధర్మము.

దాడిని కన్నులార చూచిన కిమియువో ఐసెక్ 1973లో డైవింగ్ దుకాణము తెరచి, నౌకలున్న తావులను పరదేశీయులకు చూపెను. ఫుజికవా మరు గర్భమున జీరో యుద్ధవిమానముల కాయములు, హెయాన్ మరులో జలాంతర్గాముల పెరిస్కోపులు, శాన్‌ఫ్రాన్సిస్కో మరు పైతట్టున చిన్న టాంకులు నేటికిని కాననగును. ఈ టాంకులు 40 మీటర్లకంటె లోతున నున్నవి; అచ్చట నీటి ఒత్తిడి ఉపరితలముకంటె అయిదు రెట్లకు పైబడి, శ్వాసించు గాలిలోని నత్రజని మత్తువలె మనస్సును కప్పును. పైకి తొందరపడి వచ్చినచో అదే నత్రజని రక్తమున బుడగలై ప్రాణము తీయవచ్చును. అందుచే అచ్చట దిగువారు మెట్టుమెట్టున ఆగి పైకి రావలెను.

ఉప్పునీట ఇనుము క్షయించుట అనివార్యమేయైనను, పగడములును స్పంజికలును పూతవలె కప్పినచోట ఆ క్షయము మందగించును. లంగరు తగిలియో, తుఫాను విసరియో, పేలుడుతో చేపలు పట్టుటవలననో ఆ పూత తెగినచో ఇనుము మరల సముద్రమునకు దొరకును. ఆ పేలుడు మందు ఈ నౌకలలోని మందుగుండునుండియే తీయబడుచుండుట మరింత విచారకరము. రేకులు పలుచనగుచున్న కొలది, లోపలి చమురు కారుచున్నది. ఒక చమురుతొట్టి పగిలినచో తీరపు మడచెట్లును, పగడపు దిబ్బపై చేపలును, వానిపై బ్రతుకు కుటుంబములును దెబ్బతినును.

జలాంతర్గత సాంస్కృతిక వారసత్వమును గూర్చిన 2001 నాటి యునెస్కో ఒప్పందము, శిథిలములను ఉన్నచోటనే పదిలపరచుటను ప్రథమకర్తవ్యముగా చెప్పుచున్నది. ఆ నియమము సమంజసమే. కాని చమురు తీయవలెనన్న తొట్టికి రంధ్రము వేయక తప్పదు. అస్థికలను కదల్పక, చమురును మాత్రము తోడివేయుటలో మృతులకు అవమానమేమియు లేదని నా నిశ్చితాభిప్రాయము. జపాను స్వచ్ఛంద సంస్థ యొకటి ఈ పనికి పూనుకొన్నది, అది హర్షణీయమే. అయినను నౌకలు జపానువి, వానిని ముంచిన బాంబులు అమెరికావి, ఇరువురును సంపన్నులు. పరుల పోరాటమునకు తమ లగూను రణరంగమైనవారిని, ఆ వ్యయమును భరింపుడనుట అన్యాయము.

తొట్టి గోడకు కవాటము బిగించి, లోపలికి రంధ్రము తొలిచి, గొట్టముల ద్వారా చమురును తోడివేయు పద్ధతి కలదు. అది రేకు ఇంకను గట్టిగా నున్నంతకాలమే సాధ్యము.