దుకాణము మూయు వేళ

యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని 2023లో నారాయణమూర్తిగారు పలికినప్పుడు మన వర్తకులలో పలువురు తలలూపిరి. "మేము 80 చేయుచున్నాము" అని మీసము దువ్వినవారును కలరు.

తమిళనాట 1947 నాటి దుకాణముల చట్టము గుమాస్తాకు దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు, ఒక సెలవు దినము నిర్ణయించినది. యజమానిని ఇంటికి పొమ్మనువారు లేరు. 2006 చట్టముచే బడులలో తమిళము నిర్బంధ పాఠ్యమైనది. నేర్వవలసినదే, మనకు అన్నము పెట్టు నేల భాష గదా! కాని మన బిడ్డలలో అనేకులకు తెలుగు బడి ఇక ఇల్లే. సాయంకాలమే ఆ బడి వేళ. ఆ వేళ తండ్రి గల్లాపెట్టె వద్ద నుండును. ఉద్యోగియైనచో కంపెనీ పనిలో మునిగియుండును. రాత్రి పదింటికి ఇల్లు చేరువానికి నిద్రించు బిడ్డయే కనబడును. తల్లి యున్నది గదా యందురు. ఆమెయు కొలువునకు పోవు ఇండ్లు నేడెన్ని లేవు?

బేరము పోవునందురు. కొంత పోవును. ఒక్కడే మూసిన వానికే నష్టము. కావున వీధి యంతయు రాత్రి ఎనిమిదింటికి మూయవలెను. తెలుగునకై చందాలిచ్చువారే ముందుగా తాళము వేయుదురు గాక. రాబోవు సంఘ సమావేశమున ఈ తీర్మానము ప్రతిపాదింతుము. ఎదిరించువారు ఎనిమిది దాటిన పిమ్మటి అమ్మకపు చిట్టాలతో రావలెను.