చోడవరం పిల్లల చేతికి ఒక ఇంజను

చోడవరం చుట్టుపక్కల పుట్టిన పిల్లలకు యంత్రం కొత్త కాదు. గోవాడ సహకార చక్కెర కర్మాగారంలో గానుగాట మొదలైతే చెరకు లోడు బళ్లు రోడ్డు పట్టుకుంటాయి. రసం పిండగా మిగిలిన పిప్పే బాయిలర్లో మండుతుంది, ఆ మంటకు పుట్టిన ఆవిరే ఫ్యాక్టరీని నడుపుతుంది. అనకాపల్లి మార్కెట్‌కు వెళ్లే బెల్లం సంగతి చూసినా అంతే. ఒకప్పుడు ఎడ్లు తిప్పిన గానుగను తర్వాత ఆయిల్ ఇంజన్లు, ఆపైన కరెంటు మోటార్లు అందుకున్నాయి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా విశాఖ జిల్లాలో ఉన్న ఈ చెరకు ప్రాంతంలో ఇంజను చప్పుడు వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. అయినా బడిలో ఇంజను అంటే బొమ్మ, భాగాల పేర్లు, ఒక నిర్వచనం. అది ఎందుకు తిరుగుతుందో, ఎందుకు ఆగిపోతుందో చేత్తో తేల్చుకునే అవకాశం పిల్లలకు దొరకడం లేదు.

ఆ అవకాశాన్ని పైసా ఖర్చు లేకుండా ఇవ్వగల ఆట ఒకటి ఉంది. పేరు ఆల్గోడూ. స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఎర్నర్‌ఫెల్ట్ అనే విద్యార్థి తన మాస్టర్స్ థీసిస్ కోసం చేసిన ‘ఫన్’ అనే ప్రోగ్రాం 2008లో బయటికొచ్చింది. మరుసటి ఏడాది ఆల్గోరిక్స్ సంస్థ దాన్నే ఆల్గోడూగా తీర్చిదిద్దింది. ఇప్పుడది కంప్యూటర్లకు ఉచితం. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్‌తో పని లేదు. తెరమీద గీసిన ప్రతి ఆకారానికీ బరువు, రాపిడి, ఎగిరే గుణం వస్తాయి. గీసింది గీసినట్టే కింద పడుతుంది, దొర్లుతుంది, ఢీకొంటుంది.

ఇందులో ఇంజను కట్టడం ఎలా ఉంటుందో చూడండి. పెద్ద వృత్తం గీసి మధ్యలో ఇరుసు బిగిస్తే ఫ్లైవీల్. రెండు గోడల మధ్య ఒక దిమ్మ పెడితే సిలిండరూ పిస్టనూ. ఈ రెండింటినీ కలుపుతూ ఒక కడ్డీ, దాని రెండు కొసల్లో కీళ్లు. బొమ్మ చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది, నడిపిస్తే మాత్రం నడవదు. కడ్డీ వెళ్లి సిలిండర్ గోడకు తగులుకుంటుంది. పొడవు, ఎత్తు తప్ప లోతు లేని లోకంలో పక్కకు తప్పుకునే చోటే ఉండదు మరి. ఏది ఏ పొరలో ఉందో, ఏది దేన్ని తాకకూడదో చెప్పాలి. అది సరిచేశాక చక్రం సగం తిరిగి మళ్లీ ఆగుతుంది. కడ్డీ, క్రాంకు (ఇరుసు నుంచి కడ్డీ కీలు దాకా ఉండే చేయి) ఒకే గీతలోకి వచ్చినప్పుడు పిస్టన్‌ను ఎంత బలంగా నెట్టినా చక్రం కదలదు. మెకానిక్కులు డెడ్ సెంటర్ అనేది దీన్నే. దాన్ని దాటించాలంటే చక్రంలో ముందే కొంత ఊపు దాగి ఉండాలి. అదే మందంతో చక్రం వ్యాసార్థాన్ని రెట్టింపు చేస్తే బరువు 4 రెట్లవుతుంది, తిరుగుడును నిలిపి ఉంచే జడత్వం 16 రెట్లవుతుంది. పాఠంలో చదివితే ఇది సూత్రం. తన ఇంజను ఆగిపోయిన పిల్లకు ఇది అవసరం.

ఇక్కడినుంచి పాత ఆయిల్ ఇంజను దగ్గరికి ఒక్క అడుగే. దాన్ని స్టార్ట్ చేసేవాళ్లు వాల్వును తెరిచిపట్టే చిన్న లీవరు ఎత్తి, హ్యాండిల్‌తో చక్రాన్ని గిరగిరా తిప్పి, వేగం అందుకోగానే లీవరు వదిలేస్తారు. సిలిండర్లో గాలిని అదిమే బలం ఆ క్షణంలో ఫ్లైవీల్ నుంచే రావాలి. నాలుగు స్ట్రోకుల్లో డీజిల్ మండి శక్తినిచ్చేది ఒక్కటే. మిగతా మూడూ చక్రం ఊపుమీదే గడుస్తాయి. అంత పెద్ద ఇనుప చక్రం ఎందుకని ఏ రైతూ మాస్టారిని అడిగి తెలుసుకోలేదు, చేతులతో తెలుసుకున్నాడు.

క్రాంకు జేమ్స్ వాట్‌కే సులువుగా దక్కలేదని ఈ సందర్భంలో పిల్లలకు చెప్పాలి. 1780లో జేమ్స్ పికార్డ్ దానిమీద పేటెంట్ తీసుకోవడంతో, వాట్ 1781లో ఒక పళ్లచక్రం చుట్టూ మరొకటి తిరిగే ఏర్పాటుకు మళ్లాడు. ఆల్గోడూలో పళ్లచక్రాలూ ఉన్నాయి. ఆ ఏర్పాటునూ కట్టి చూడవచ్చు.

అన్నిటికంటే విలువైన పాఠం ఆట లోపంలోనే ఉంది. ఆల్గోడూలో నీళ్లున్నాయి గానీ ఆవిరి లేదు, వాయువు లేదు. మరి పిస్టన్‌ను నెట్టేదెవరు? సిలిండర్లో బాగా ఎగిరే చిన్నచిన్న గుండ్రాలను పదుల కొద్దీ నింపాలి. అవి గోడలకూ పిస్టన్‌కూ తగిలి తగిలి దాన్ని బయటికి తోస్తాయి. గుండ్రాల వేగం పెంచితే తోపు పెరుగుతుంది. వాయువు పీడనమంటే కణాల తాకిడేనని డేనియల్ బెర్నూలీ 1738లో తన ‘హైడ్రోడైనమికా’లో చెప్పింది ఇదే. వేడంటే కణాల వేగమన్న మాట ఇంటర్ పుస్తకంలో బట్టీపట్టడానికీ, ఆ వేగం పిస్టన్‌ను కదిలించడం కళ్లారా చూడడానికీ చాలా తేడా ఉంది.

ఆటలతో చదువు పాడవుతుందనే భయం తల్లిదండ్రుల్లో ఉంది. ఆ భయాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. తెర ముందు గంటలు కరిగిపోవడం నిజమే. కానీ కాల్చి గెలిచే ఆటకూ దీనికీ పోలిక లేదు. ఇందులో స్కోరు లేదు, శత్రువు లేడు, ఆడేవాడు ఆలోచించకపోతే తెరమీద ఏమీ జరగదు. అసలు ఇంజనే విప్పి చూపించవచ్చు కదా అనేవాళ్ల మాటా సబబే, చూపించాలి కూడా. అయితే అసలు ఇంజనులో ఫ్లైవీల్ తీసేసి చూద్దామంటే కుదరదు. అక్కడ చెయ్యి నలుగుతుంది, ఇక్కడ ఒక బటన్‌తో అంతా వెనక్కి వస్తుంది.

బడిలో పిల్లలు చేత్తో చేసి నేర్చుకునేందుకు 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుకు కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. అది అందని బళ్లే ఎక్కువ. అలాంటి బడికి ఈ ప్రయత్నం కోసం కావలసింది పనిచేసే పాత కంప్యూటర్లు, ఓపికున్న ఒక సైన్స్ టీచరు, వారానికి రెండు పీరియడ్లు. ఏడాది చివర పిల్లలను ఒకసారి గోవాడ ఫ్యాక్టరీ దాకా, ఒకసారి ఏదైనా బెల్లం గానుగ దాకా తీసుకెళ్లాలి. తెరమీద లేని వేడిని, వాసనను, చప్పుడును వాళ్లు అక్కడ అనుభవించాలి. మార్కులు వేయాల్సి వస్తే తిరిగిన ఇంజనుకు కాక, తమ ఇంజను ఎక్కడ ఆగిందో, ఏం మారిస్తే కదిలిందో పిల్లలు సొంత తెలుగులో రాసిన అరపేజీకి వేయాలి.