తోకలేని తోకపిట్ట

పేర్లు పెట్టడంలో మనవాళ్ళు ఘటికులు. తెల్లని రిబ్బన్లలాంటి రెండు ఈకలు వెనక వేలాడుతుండగా చెట్లనీడన ఎగిరే పక్షిని చూచి ‘తోక పిగిలిపిట్ట’ అన్నారు. 1862–64లో వెలువడిన జెర్డన్ దొరగారి పక్షిగ్రంథంలోకి ఆ తెలుగు పేరు ఎక్కింది కూడాను. పిగిలిపిట్ట అంటే బుల్‌బుల్. నిజానికి ఇది బుల్‌బుల్ కాదు. 1758లో లిన్నేయస్ పండితుడు దీన్ని ఏకంగా కాకుల్లో చేర్చాడు! ఇంగ్లీషువారు పారడైజ్ ఫ్లైకాచర్ అన్నారు. ఇప్పటి శాస్త్రజ్ఞులు అసలు ఫ్లైకాచర్ల నుంచీ వేరుచేసి మోనార్క్‌ల కుటుంబంలో పెట్టారు.

ఇంతమంది పేర్లు పెట్టిన పిట్ట, తీరా ఆ తోక లేకుండా ఎదురైతే?

కిందటి చలికాలం విశాఖపట్నంలో, సముద్రపుటొడ్డున ఉన్న ఒక పార్కులో అలాగే ఎదురైంది. ఇటికరంగు వీపు, నల్లని తల, నెత్తిన చిన్న కుచ్చు.

“ఆడది అయి ఉంటుందండీ. నగలన్నీ మగవాడికే ఇచ్చాడు గదా దేవుడు!” అంది మా ఆవిడ.

“కంఠం చూడు” అని బైనాక్యులర్స్ అందించాను.

ఆడపిట్టకు కంఠం బూడిదరంగు. దీనికి నల్లగా ఉంది. కంటిచుట్టూ నీలపు వలయం. అంటే కుర్రవాడన్నమాట! వీళ్ళకు పొడుగు తోక వచ్చేది రెండో ఏటనో, మూడో ఏటనో. పెద్దయ్యాక కొందరు తెల్లగా ఉంటారు, కొందరిది ఇటికరంగే. అంతలో అది కొమ్మ మీంచి దూకి, గాలిలోనే పురుగును అందుకుని, గరగరమని ఒక్క కూత కూసింది. రూపం స్వర్గానిదే గాని గొంతు మాత్రం కాదు.

శాలువా కప్పితేగాని కవిని గుర్తించని సభల్లాగా, మనం పిట్టనూ తోక చూచే గుర్తిస్తాం. ఆ తోకరాయుడు మాత్రం గూట్లో వంతు ప్రకారం గుడ్లు పొదుగుతాడు. తోక బయటికి వేలాడుతున్నా సిగ్గుపడడు!

ఒక్క మాట. ఆ కుర్రవాడు కనిపించింది నున్నగా కత్తిరించిన పచ్చిక మీద కాదు, ఎండుటాకులు ఊడవని చెట్లగుబురులో. పురుగులుండేది అక్కడే. పార్కు శుభ్రం పేరిట ఆ మూలను కూడా కొట్టేస్తే, తోక ఉన్నవాడూ రాడు, లేనివాడూ రాడు. పచ్చిక మనం తీసుకుందాం, ఆ మూల వాళ్ళకు వదిలేద్దాం.