మేష్టారికి ఒక ఉత్తరం



ఈ నెల మీకు ఒక ఉత్తరం సంగతి చెబుతాను. దాన్ని రాసినాయన లోకమంతటా పేరుపొందిన రచయిత. అందుకున్నాయన ఆ రచయితకు చిన్నప్పుడు పాఠాలు చెప్పిన బడి మేష్టారు.

ఆఫ్రికా ఖండంలో ఉత్తరపు కొసన, మధ్యధరా సముద్రం ఒడ్డున అల్జీరియా దేశం ఉంది. 1962 దాకా అది ఫ్రెంచివారి పాలనలో ఉండేది. అక్కడ 1913లో అల్బేర్ కామూ అనే పిల్లవాడు పుట్టాడు. వాడికి ఏడాది నిండకముందే తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి చనిపోయాడు. తల్లికి చెవులు సరిగా వినపడవు, చదువూ రాదు. ఆమె ఇద్దరు కొడుకులతో అల్జీర్స్ నగరంలో పుట్టింట ఉంటూ, నలుగురి ఇళ్లలో పాచిపని చేసి పిల్లలను పెంచింది. ఇంట్లో పెత్తనమంతా అమ్మమ్మది.

కామూ చదివే బడిలో లూయీ జెర్మేన్ అనే మేష్టారు ఉండేవారు. ఆయన కూడా ఆ యుద్ధానికి వెళ్లి, ప్రాణాలతో తిరిగివచ్చినవారే. కామూ తెలివితేటలను ఆయన కనిపెట్టారు. ఆ నగరంలో ‘లిసే’ అని ఒక పెద్దబడి ఉంది. అది మన హైస్కూలు వంటిది. ఈ కుర్రవాడు అక్కడ చదవవలసినవాడని మేష్టారికి తోచింది.

కాని అమ్మమ్మ ఒప్పుకోలేదు. చిన్నబడి చదువు కాగానే మనమణ్ణి పనిలో పెట్టాలని ఆమె ఉద్దేశం. అలాగని ఆమె చెడ్డదనుకోకండి. ఆ ఇంట్లో ప్రతి కాసూ లెక్కే. వాడు ఏళ్ల తరబడి చదువుతూ కూర్చుంటే ఇల్లు గడిచేదెట్లా అని ఆమె బెంగ.

అప్పుడు మేష్టారు ఏం చేశారో తెలుసా? మనకెందుకులే అని ఊరుకోలేదు. స్వయంగా వాళ్లింటికి వెళ్లారు. పరీక్షలో నెగ్గితే స్కాలర్‌షిప్పు వస్తుందని నచ్చజెప్పారు. చివరికి అమ్మమ్మ సరేనంది. ఆపైన కామూనూ, మరికొందరు పిల్లలనూ బడి వదిలాక కూర్చోబెట్టుకుని, దమ్మిడీ పుచ్చుకోకుండా చదివించారు. 1924లో కామూ పరీక్ష నెగ్గి పెద్దబడిలో చేరాడు.

ముప్ఫై మూడేళ్లు గడిచాయి. 1957 అక్టోబరులో కామూకు సాహిత్యంలో నోబెల్ బహుమానం వచ్చింది. అప్పటికి ఆయనకు నలభైనాలుగేళ్లు ఇంకా నిండలేదు. ఎక్కడ చూసినా ఆయన పేరే! ఆ సందడి కాస్త సద్దుమణిగాక, నవంబరు 19న ఆయన మేష్టారికి ఉత్తరం రాశారు. చాలా చిన్న ఉత్తరం. బహుమానం వార్త వినగానే మొదట అమ్మ, ఆ వెంటనే మీరే గుర్తుకువచ్చారని అందులో చెప్పుకున్నారు. ఆనాడు ఈ బీదపిల్లవాడికి మీరు చేయి అందించకపోతే ఇదేదీ జరిగేది కాదన్నారు. బహుమానం అందుకున్నప్పుడు చేసిన ఉపన్యాసాన్ని పుస్తకంగా అచ్చువేసి, దాన్ని మేష్టారికే అంకితమిచ్చారు.

1959లో మేష్టారు ఆయనకు ఒక పెద్ద ఉత్తరం రాశారు. నలభై అయిదేళ్ల ఆ రచయిత మేష్టారికి ఇంకా చిన్నవాడే! మీ ఇంటి బీదరికం నాకు చాలాకాలం తెలియనే తెలియదని అందులో రాశారు. కామూ ఎప్పుడూ చక్కని బట్టలతో బడికి వచ్చేవాడట. కావలసిన వస్తువులన్నీ దగ్గర ఉండేవట. స్కాలర్‌షిప్పు సంగతి మాట్లాడడానికి తల్లి వచ్చినప్పుడుగాని ఆయనకు అనుమానం రాలేదు. ఆ తల్లిని ఇంతకంటే ఎక్కువగా మెచ్చుకోవడం నాకు చేతకాదని మేష్టారు రాశారు. చూశారా! శిష్యుడు మేష్టారిని తలచుకుంటే, మేష్టారు ఆ తల్లిని తలచుకున్నారు.

1960 జనవరి 4న ఫ్రాన్సులో జరిగిన కారు ప్రమాదంలో కామూ మరణించారు. ఆయన సంచిలో ఒక నవల చేతిరాత ప్రతి దొరికింది. తన చిన్ననాటి బతుకునే ఆయన కథగా రాస్తున్నారు. అది పూర్తికాలేదు. 1994లో అచ్చయిన ఆ నవలలో వేరే పేరుతో మేష్టారు కనిపిస్తారు. పుస్తకం చివర ఈ రెండు ఉత్తరాలూ ఉన్నాయి.

తీరికైనప్పుడు రాద్దాంలే అని కామూ అనుకుని ఉంటే? ఆ ఉత్తరం రాశాక ఆయన బతికింది రెండేళ్ల పైచిలుకే.

మీకు కూడా ఇటువంటి మేష్టారో, పంతులమ్మో ఉండే ఉంటారు. లెక్క తప్పినప్పుడు విసుక్కోకుండా మళ్లీ చెప్పినవారు కావచ్చు. మీరు జ్వరంతో పడుకుంటే ఇంటికి వచ్చి చూసినవారు కావచ్చు. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని వారికి నాలుగు మాటలు రాయండి. పెద్దపెద్ద మాటలు అక్కరలేదు. వారు మీకు చేసిన మేలు ఒక్కటి, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. రాశాక పుస్తకంలో దాచుకోకండి. వెళ్లి వారి చేతికి ఇవ్వండి.