రోడ్డు అంచున వెదురు అడ్డుకట్ట

మహారాష్ట్రలో వణి–వరోరా రహదారి వెంట 200 మీటర్ల పొడవున, ఉక్కుకు బదులు వెదురుతో అడ్డుకట్ట నిర్మించినట్లు 2023 మార్చిలో ప్రకటించినారు. అదుపు తప్పిన వాహనము రోడ్డు దిగిపోకుండ ఆపుటకే ఈ అడ్డు. పీథంపూరులోని వాహన పరీక్షా కేంద్రములో దానిని పరీక్షించినారు కూడ.

మంచి వార్తయే. ఐతే ఇది విని, కాలువగట్టు మలుపున నాలుగు పచ్చి బొంగులు పాతి, ఇక ప్రమాదము లేదని తలచు పంచాయతీలు ఉండవచ్చును. అట్లు చేయరాదు. అక్కడ వాడినది బాల్కోవా జాతి వెదురు. దానికి క్రియోసోటు నూనె పట్టించి, పైన ప్లాస్టిక్ పూత వేసినారు. మన పెరటి దడికి పాతిన బొంగు ఏమగునో మీకు తెలియనిదా? వెదురులోని పిండిపదార్థమునకు పుచ్చు పురుగు చేరును. నేలలోని మొదలు చెదల పాలగును. పైకి గట్టిగా కనిపించుచునే లోపల గుల్ల యగును. వాహనము తగిలినచో విరిగి, చీలిన ముక్క ఈటెవలె లోనికి దూసుకొనవచ్చును. అడ్డు లేనిచోట బండి తోలువాడు జాగ్రత్తగానైన పోవును. పుచ్చిన అడ్డును నమ్మినవాడు అదియు మరచును.

ఇక సాగు మాట. 2017 చట్ట సవరణతో, అడవి వెలుపల పెంచిన వెదురు అటవీ చట్టము ప్రకారము చెట్టు కాదు. కనుక సొంత పొలములోని బొంగు నరుకుటకు ఆ చట్టము క్రింద అనుమతి అక్కరలేదు. కాని నాటిన 4, 5 ఏండ్లకు గాని కోత చేతికి రాదు. రోడ్లవారు కొందురను ఆశతో మాగాణి నంతయు వెదురుకు అప్పగించవద్దు. గట్టున, బీడున కొన్ని పొదలు పెట్టుకొనుడు. దడికో, పందిరికో, టమాటా మొక్కల ఊతకో అవి ఎటులైనను అక్కరకు వచ్చును.