తప్పయిందనడానికి నోరు రాదా?

తెలంగాణ పల్లెల్లో పెద్దమనుషుల పంచాయతీకి ఒక రివాజు ఉంది. తప్పు చేసినవాడు పదిమందిలో నిలబడి ‘తప్పయింది’ అనాలి. జుర్మానా కట్టాలి. చాటుకు పిలిచి చెవిలో చెబితే చెల్లదు. కోట్ల మంది బతుకులను తిప్పే నాయకులకు ఈ రివాజు ఎందుకు వర్తించదు? నిర్ణయం ప్రకటించేటప్పుడు వాళ్లకు పేరు కావాలి, ఫొటో కావాలి, పాలాభిషేకం కావాలి. అది బెడిసికొట్టినప్పుడు మాత్రం ‘జరిగింది దురదృష్టకరం’ అంటారు. జరిగిందట! చేసినవాడే లేడట!

మేం ఈ మాట ఎందుకంటున్నామో తెలంగాణ బిడ్డలకు వేరే చెప్పక్కర్లేదు. 2009 డిసెంబర్ 9 రాత్రి అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. మేం వీధుల్లో సంబరాలు చేసుకున్నాం. పద్నాలుగు రోజులకు, డిసెంబర్ 23న, అదే మంత్రి పరిస్థితి మారిందన్నారు. విస్తృత సంప్రదింపులు కావాలన్నారు. నడుమ మారిందేమిటి? సీమాంధ్ర ఎమ్మెల్యేలు, ఎంపీలు రాజీనామాలు పట్టుకుని బయల్దేరారు. అంతే, నోటికాడి ముద్ద లాగేశారు. ఆ రోజు నుంచి 2014 జూన్ 2 దాకా ఎందరు తల్లులకు కడుపుకోత మిగిలిందో ఊరూరా అమరుల స్తూపాలు చెబుతాయి.

అదే చిదంబరం 2023 నవంబర్‌లో, అసెంబ్లీ ఎన్నికల ముందర హైదరాబాద్ వచ్చి, ఉద్యమంలో ప్రాణాలు పోయినందుకు చింతిస్తున్నామన్నారు. పద్నాలుగేళ్లకు ఒక మాట! అదీ ఓట్ల పండుగనాడు! సంతాపం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు. చావుకు వచ్చిన పొరుగువాడు కూడా సంతాపం చెబుతాడు. మాట ఇచ్చి తప్పినవాడు చెప్పాల్సింది ‘డిసెంబర్ 23 ప్రకటన మా తప్పు’ అని. అమరుల తల్లిదండ్రులు వినాలనుకున్నది ఆ ఒక్క వాక్యం.

ఇది ఒక్క పార్టీ జబ్బు కాదు. 2021 నవంబర్ 19న ప్రధాని మోదీ మూడు సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటూ దేశ ప్రజలకు క్షమాపణ చెప్పారు. ఏ తప్పుకు? కొందరు రైతులకు నచ్చజెప్పలేకపోయినందుకట! అంటే చట్టాలు మంచివే, అర్థం చేసుకోనిది రైతులే అన్నమాట. ఏడాది పాటు సాగిన ఆ పోరాటంలో ఏడు వందల మందికి పైగా చనిపోయారని రైతు సంఘాలు లెక్క చెప్పాయి. క్షమాపణ చెప్పి పక్షం రోజులు తిరగకముందే, ఆ మరణాల వివరాలు తమ దగ్గర లేవని వ్యవసాయ శాఖ పార్లమెంటుకు చెప్పింది. లెక్కే లేనప్పుడు పరిహారం ఎక్కడిది?

ఇంటి సంగతీ చూద్దాం. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నింటా లోపాలున్నాయని జాతీయ డ్యాముల భద్రతా సంస్థ నివేదిక ఇచ్చింది. కాళేశ్వరం ఘనతంతా తమ నాయకుడిదేనని ఊరేగినవాళ్లు, కుంగింది రెండు పిల్లర్లేగా అని వాదనకు దిగారు. ఘనత నాయకుడిదైతే కుంగుబాటు ఎవరిది? తెలంగాణ ఉద్యమంలో జెండా పట్టిన చేతులకు ఈ ప్రశ్న అడిగే హక్కు లేదా?

తప్పు ఒప్పుకుంటే ప్రతిపక్షం బతకనివ్వదని, ఓట్లు పోతాయని నాయకుల భయం. చరిత్ర అలా చెప్పడం లేదు. 1977లో ఓడిన ఇందిరాగాంధీ 1978 జనవరిలో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో ఎమర్జెన్సీ అతిక్రమణలకు బాధ్యత తనదేనన్నారు. 1980లో మళ్లీ ప్రధాని అయ్యారు. ఒప్పుకున్నందుకే గెలిచారని మేం అనం. ఒప్పుకున్నందుకు మునిగిపోలేదన్నది మాత్రం నిజం. 1984 సిక్కుల ఊచకోతకు మన్మోహన్ సింగ్ 2005 ఆగస్టులో పార్లమెంటులో సిగ్గుతో తలవంచారు. 2009లో ఆయన ప్రభుత్వమే మళ్లీ వచ్చింది. కానీ ఆ మాట రావడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. ఆ కేసులో సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం పడటానికి 2018 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. తల వంచడంతో పని అయిపోదు. శిక్ష పడాలి, నష్టం పూడ్చాలి.

అందుకే మా కొలబద్ద మూడు ముక్కలు. ఏ తప్పు చేశారో పేరు పెట్టి చెప్పాలి. ‘జరిగింది’ అని కాదు, ‘నేను చేశాను’ అనాలి. నష్టపోయినవాళ్లకు ఏమిస్తారో, ఎప్పటిలోగా ఇస్తారో తేదీతో చెప్పాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా అది ఉపన్యాసమే.

2023 ఎన్నికల ప్రణాళికలో అమరుల కుటుంబాలకు నెలకు 25,000 రూపాయల గౌరవ పింఛను ఇస్తామని కాంగ్రెస్ రాసిచ్చింది. చిదంబరం చింత నిజమైతే దాని రుజువు అక్కడ కనబడాలి. ఏ ఊళ్లో ఏ కుటుంబానికి ఎంత చేరిందో గ్రామాలవారీగా జాబితా అచ్చేయాలి. చేరనిచోట ఎందుకు చేరలేదో ముఖ్యమంత్రి అసెంబ్లీలో నిలబడి చెప్పాలి. గద్దె దిగినవాళ్లు కూడా తమ పదేళ్ల పాలనలో ఎన్ని కుటుంబాలను గుర్తించారో, ఎన్నింటిని వదిలేశారో అదే సభలో చెప్పాలి.

ఎవరినీ ముక్కు నేలకు రాయమని మేం అడగడం లేదు. లెక్క అడుగుతున్నాం. లెక్క తేలేదాకా అడుగుతూనే ఉంటాం.